కాపలా చెంబు

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో మొన్న ఒక కాగితం అంటించారు. బోరు అడుగంటిందని, ఇకనుంచి పొద్దున కాసేపే నీళ్లు వదులుతామని, మిగతా అవసరాలకు ట్యాంకరు తెప్పిస్తున్నామని అందులో ఉంది. ఒంగోలులో ఎండలు ముదిరాక ఇలాంటి కాగితాలు మామూలే. జనం ఒకసారి చదివి, నిట్టూర్చి, తమ అంతస్తు బొత్తాం నొక్కుకుని వెళ్లిపోతారు. నేను మాత్రం ఆ కాగితం ముందు నిలబడిపోయి దిగాల్సిన అంతస్తు దాటిపోయాను.

ట్యాంకరు వచ్చినప్పుడు కిందికి వెళ్లాను. ఎండకు కాగిన రబ్బరు గొట్టం వాసన, తడిసిన సిమెంటు వాసన కలిసి వస్తున్నాయి. డ్రైవరు గొట్టాన్ని సంపులోకి వదిలి, నీడలో నిలబడి మొహం తుడుచుకుంటున్నాడు.

"ఎక్కడివి బాబూ ఈ నీళ్లు?" అని అడిగాను.

"బోరు నీళ్లేనండి మామ్మగారూ. ఊరి బయట తోటలోది."

"నువ్వు తాగి చూశావా?"

అతను నవ్వి, క్యాబిన్‌లోంచి ఒక సీసా తీసి చూపించాడు. "నాకు ఇదుందండి. కొన్న నీళ్లు."

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. నవ్వాల్సిన మాటే. కానీ నా వీపు మీద చెమట చల్లబడింది. నీళ్లు తెచ్చినవాడు ఆ నీళ్లు తాగడం లేదు. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ ఆ ఇనుప మూత పక్కన నిలబడితే, నా కాళ్లకింద మా ఊరి మంచినీళ్ల చెరువు కట్ట ఉన్నట్టే అనిపించింది.

మా ఊరు నల్లరేగడి మధ్యలో ఉండేది. చుట్టూ పత్తి, మిరప. ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్లే. నోట్లో పోసుకుంటే నాలుక ముడుచుకుపోయేది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగడానికి ఊరి పడమర ఉన్న చెరువొక్కటే దిక్కు. సాగర్ కాలువ వదిలినప్పుడు దాన్ని నింపుకునేవాళ్లు. మళ్లీ కాలువ వచ్చేదాకా ఊరందరికీ ఆ నీళ్లే.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలో, కాలు ఊగే చెక్కబల్ల మీద కూర్చుని చదివిందే. నల్లరేగడి ఎందుకు బీటలు వారుతుందో, నేల లోపలి నీళ్లలోకి ఉప్పు ఎలా చేరుతుందో అక్కడి పుస్తకాల్లోనే తెలుసుకున్నాను. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే కారణాలు చెప్పగలను. అప్పుడు మాత్రం కారణాలు తెలియవు. భయం ఒక్కటే తెలుసు.

మాది దూదేకుల ఇల్లు. తాత పరుపులకూ దిళ్లకూ పత్తి ఏకేవాడు. వసారాలో దూలానికి ఆయన విల్లు వేలాడుతుండేది. మనిషంత పొడుగు విల్లు. దాని నారిని కొయ్యతో కొడుతుంటే ఇల్లంతా జుమ్ముమని మోగేది. దూది పొగలా లేచి మా జుట్టుకు, కనురెప్పలకు, అన్నం కంచాలకు అంటుకునేది. నేను బడికి వెళ్లినా నా పరికిణీ మీద పింజలు వచ్చేవి. "ముసలమ్మా, జుట్టు నెరిసిందే" అని పిల్లలు ఏడిపించేవాళ్లు. తాత బక్కపలచని మనిషి. విల్లు చప్పుడే తప్ప ఆయన గొంతు వీధిలోకి వినిపించేది కాదు. నాన్న ఆ పని నేర్చుకోలేదు. రైతుల పొలాలకు కూలికి వెళ్లి, వీపుకు డబ్బా తగిలించుకుని పురుగుమందు కొట్టేవాడు.

ఆ ఏడు కాలువకు నీళ్లు వదల్లేదు. ముందు ఈ నెలాఖరుకి అన్నారు, తర్వాత పండగ వెళ్లాక అన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనడం మానేశారు. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటూ, మేం దగ్గరికి రాగానే మాట మార్చేసేవాళ్లు. మాకు భయం పట్టుకుంది అక్కడే. నేల పగిలింది. ఆ నెర్రెల్లో నా చెయ్యి మోచేతి దాకా దూరేది. పందెం వేసుకుని నెర్రెలో రాయి వేసి చెవి ఆనించేవాళ్లం. రాయి ఎక్కడా ఆగిన చప్పుడు వినిపించేది కాదు. "కింద నీళ్లుంటే బుడుంగుమనాలి గదే" అంది ఒకసారి నా స్నేహితురాలు. ఆ మాటకి అందరం లేచి ఇళ్లకు పరుగెత్తాం.

ఇంట్లో నీళ్ల పెత్తనం నాయనమ్మది. ఉప్పు నీళ్ల కుండ గుమ్మానికి ఎడమ పక్క, మంచినీళ్ల కుండ కుడి పక్క. చెరువు నీళ్లు బురద రంగులో వచ్చేవి. ఆమె చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి, మూతపెట్టి వదిలేది. మర్నాటికి బురదంతా అడుగుకు దిగి, పైన తేటగా ఉండేది. మూత తీస్తే తొలకరి మట్టి వాసన. ఆ అడుగు బురదను కూడా పారబోయనిచ్చేది కాదు, గోంగూర మడిలో పోసేది. బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకి వెళ్లాలి. గిన్నెలు బూడిదతో తోమి గుడ్డతో తుడవాలి. ఎవరైనా గ్లాసులో గుక్కెడు మిగిలిస్తే ఇక అంతే.

"ఎవరే ఇది మిగిల్చింది?"

"నేనే నాయనమ్మా. కడుపు నిండింది."

"నిండితే కాసేపు నిలబడు. కిందికి దిగాక తాగు."

నిలబడి, దిగాక, తాగాల్సిందే.

కారం తింటే దాహం వేస్తుందని నాయనమ్మ పచ్చళ్ల జాడీ కూడా అటక ఎక్కించింది. మిరప పండించే ఊళ్లో, కల్లాలన్నీ ఎర్రగా ఎండుతుండగా, మేం చప్పటి పప్పు తిన్నాం. "జొరమొచ్చినోడి కూడులాగుందే" అని నాన్న మొదటిరోజే కంచం ముందు మొహం పెట్టాడు. "జొరమొచ్చిందనే అనుకో. ఊరికొచ్చింది" అంది నాయనమ్మ. పిల్లలం మాత్రం అందులోనూ ఒక ఆట కనిపెట్టాం. నోటినిండా నీళ్లు పోసుకుని మింగకుండా కూర్చోవాలి. చివరిదాకా మింగనివాళ్లు గెలిచినట్టు. నీళ్లు వెచ్చబడి, ఉమ్మిలాగా అయిపోయినా బుగ్గలు ఉబ్బించుకుని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. నవ్వొచ్చి ఎవరైనా బయటికి చిమ్మితే ఆ నవ్వు అక్కడితో ఆగిపోయేది. తడిసిన నేలకేసి అందరం దొంగల్లా చూసేవాళ్లం.

చెరువు సగానికి సగం తగ్గాక బడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. చెరువు నీళ్లు తాగడానికీ వంటకూ తప్ప ముట్టకూడదన్నారు. చుట్టూ ముళ్లకంప నాటి ఒక్క రేవే ఉంచారు. రేవు దగ్గర ఉప్పు నీళ్ల తొట్టి పెట్టి, అందులో కాళ్లు కడుక్కున్నాకే మెట్లు దిగాలన్నారు. ఇంటికొకరు చొప్పున వంతులవారీగా కాపలా కాయాలి. పొద్దుగూకేటప్పుడు ఒకరు ఎక్కితే పొద్దున ఇంకొకరు వచ్చి దించాలి.

అప్పుడే ఒక రైతు లేచాడు. మా తాతని 'మావా' అని పిలిచే మనిషి, పైవీధి ఆయన. "కాపలా సరేనండి. కాసేవాడు నిద్రపోతే? ఎవడో వచ్చి మందు డబ్బా అందులో జాడించిపోతే?" అన్నాడు.

మందు అంటే మా వైపు తెలియని పిల్ల లేదు. పత్తిచేల గట్ల మీద కాళ్లు పైకెత్తి పడి ఉండే పిచ్చుకలను చూసినవాళ్లం. చేలో నోటివెంట నురగతో పడిపోయిన మనిషిని ఎడ్లబండి మీద తీసుకుపోతుంటే తలుపుల వెనకనుంచి చూసినవాళ్లం.

పంచాయతీ ప్రెసిడెంటు గారు ఒక దారి చెప్పాడు. "కాపలా దిగేవాడు, ఎక్కేవాడి ఎదురుగా చెంబుతో చెరువు నీళ్లు ముంచుకుని తాగాలి. తాగాకే కర్ర చేతులు మారాలి. పొద్దున తాగాలని తెలిసినవాడు రాత్రి కునుకు తీయడు."

అందరికీ ఆ మాట నచ్చింది. రేవులో రాతికి గొలుసేసి ఒక ఇత్తడి చెంబు కట్టారు. దాన్ని కాపలా చెంబు అనేవాళ్లం. పొద్దున్నే బిందెలతో వెళ్లిన ఆడవాళ్లు దిగేవాడు తాగేదాకా ఆగి, తాగాక ముంచుకునేవాళ్లు. కొన్నాళ్లకు అదొక మామూలు తంతు అయిపోయింది. తాగేవాడు మూతి తుడుచుకుని "బతికే ఉన్నా, ముంచుకోండమ్మా" అని హాస్యమాడేవాడు కూడా.

మా వంతు వచ్చింది. నాన్న పొద్దున్నే మందు కొట్టడానికి వెళ్లాడు కాబట్టి తాత కాపలా ఎక్కాడు. సందెవేళ నేను జొన్నరొట్టె, పప్పు పట్టుకుని కట్ట మీదికి వెళ్లాను. చెరువు నడుమకు కుంచించుకుపోయి, చుట్టూ ఎండిన బురద పెంకుల్లా పైకి లేచి ఉంది. గాలి ఆగిపోయి ఉక్కగా ఉంది. తాత నేల మీద అరచేతులు తట్టి, ఆ మట్టిచేతులతో మొహం, ముంజేతులు తడుముకుంటున్నాడు. నమాజుకు ముందు నీళ్లతో శుద్ధి చేసుకోవాలి, నీళ్లు లేనిచోట మట్టితో చేసుకోవచ్చని మా పెద్దలు చెప్పేవాళ్లు.

"నీళ్లు ఎదురుగానే ఉన్నాయిగా తాతా" అన్నాను.

"ఇవి ఊరివమ్మాయ్. మనవి కావు."

ఆయన రొట్టె తుంచుతుండగా కట్ట మీద నాన్న కనిపించాడు. వీపు మీద మందు డబ్బా, ఒక చెయ్యి కళ్ల మీద. తాగినవాడిలా తూలుతున్నాడు.

"గాలి తిరిగింది నాన్నా. మందు కళ్లలో కొట్టింది. మండిపోతున్నయ్" అన్నాడు.

తాత లేచి ఉప్పు నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లాడు. సాయంత్రం జనం కాళ్లు కడుక్కుని దాన్ని ఖాళీ చేశారు. అడుగున చెయ్యి తడిసేంత కూడా లేదు. ఆయన తొట్టిని చూశాడు, నాన్నని చూశాడు, చెరువును చూశాడు. నాన్న కళ్లు పోతున్నాయేమోనని నేను ఏడుపు మొదలుపెట్టాను. తాత మెట్లు దిగి, గొలుసు విప్పి, చెంబు ముంచాడు. నాన్నను కట్టకు అవతలివైపు వాలులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. డబ్బా ఇంకా అవతల పెట్టించాడు. ఒక చేత్తో రెప్పలు తెరిచి సన్నటి ధారగా పోశాడు. నీళ్లు మట్టిలోకి ఇంకిపోయాయి. ఒక్క చెంబే. "ఇంకొంచెం" అన్నాడు నాన్న. తాత విననట్టు చెంబు తీసుకుని వెనక్కి వచ్చాడు. దాన్ని బయటే పొడిమట్టితో తోమి తోమి, తన తువ్వాలుతో తుడిచి, గొలుసుకు కట్టాడు.

మర్నాడు పొద్దున్నే వీధిలో అరుపులు వినిపించాయి. అమ్మ చేతిలో బిందె అలాగే ఉండిపోయింది. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని పరుగెత్తాను.

చెరువు ఒడ్డు పొడుగునా చేపలు తేలి ఉన్నాయి. వేలెడంతవి, జానెడంతవి. తెల్లటి పొట్టలు పైకి. కొంగలు వచ్చి వాలుతున్నాయి గాని, ముక్కు పెట్టకుండా నిలబడి చూస్తున్నాయని నాకనిపించింది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రేవు పైనే ఆగిపోయారు. తాత మెట్ల మీద కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని దించాల్సింది పైవీధి రైతు. చెయ్యి చాచకుండా ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, రాత్రంతా ఏం చేస్తున్నావు?" అన్నాడు. నిన్నటిదాకా మావా అన్న మనిషి.

"కూర్చునే ఉన్నాను."

"కూర్చునుంటే ఇయ్యెట్టా చచ్చినయ్?"

"నాకు తెలీదు."

వెనకనుంచి ఒకామె గొంతు వినిపించింది. "సందేళ ఈయన కొడుకు మందు డబ్బాతో కట్ట మీద పోవడం నేను చూశానండి."

జనం అంతా ఒకేసారి కదిలినట్టయింది. నాన్న అప్పుడే వచ్చాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ప్రెసిడెంటు గారు అడిగాడు.

"ఏరా, డబ్బా ఎక్కడ కడిగావు?"

"ఉప్పు బావి దగ్గరండి."

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ లేరండి."

అక్కడితో నాన్న మాట ఒకటి, ఆమె మాట ఒకటి. అలాగే ఉండిపోయేదేమో. తాత గొంతు సవరించుకున్నాడు. నాయనమ్మ చెయ్యి నా భుజాన్ని నొక్కేసింది.

"ఒక చెంబు వాడానండి. ఈడి కళ్లలో మందు పడితే కడిగాను. కట్టకి అవతల పోశాను. ఇటు రాలేదు."

"తాగే నీళ్లతో మందు కడిగావా?" అన్నాడు రైతు.

"కళ్లు కడిగాను."

"ఇటు రాలేదని నీకెట్టా తెలుసు?"

తాత కట్ట అవతలి వాలుకేసి చూశాడు. "తెలీదు. రాలేదనే అనుకుంటున్నాను."

ఎందుకు చెప్పాడా అని నాకు ఏడుపు వచ్చింది. ఊరకుంటే పోయేదిగదా. మగవాళ్లు నాన్న చుట్టూ దగ్గరవుతున్నారు. కొడతారనుకున్నాను. కానీ వాళ్ల మొహాల్లో ఉన్నది కోపం కాదని ఒక ముసలావిడ ఏడుపు మొదలుపెట్టాక తెలిసింది. ఆమె బిందె బోర్లించి దానిమీద కూలబడింది. "వాగులో చెలమలు ఎండిపాయె. ఇయ్యి కూడా పోతే పిల్లకాయల్ని ఏ ఊరు తోలుకుపోవాలయ్యా" అంది. అందరూ అదే ఆలోచిస్తున్నారు. ఎవరి వంతు, ఎవరి డబ్బా అన్నది తర్వాత. ఈ నీళ్లు తాగొచ్చా లేదా. తాగకూడదంటే ఊరు ఖాళీ చేయాల్సిందే.

"ఏ కుక్కకో పట్టి చూద్దాం" అన్నారెవరో.

"కుక్క వంతు కాదుగా" అన్నాడు తాత.

ఆయన నాన్న దగ్గరికి వచ్చాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"డబ్బా ఇక్కడ కడగలేదుగదరా?"

"నీ మీదొట్టు నాన్నా."

తాత ఆ వాచిన కళ్లలోకి చూశాడు. ఏం చూశాడో తెలియదు. తిరిగి మెట్లు దిగాడు. తేలుతున్న చేపల్ని కర్రతో పక్కకు నెట్టి, చెంబు ముంచాడు. నాన్న గబగబా దిగి చెంబు పట్టుకోబోయాడు.

"కాపలా నాది. నువ్వు జరుగు."

ఆయన చెంబు ఎత్తి నోటికి పెట్టుకున్నాడు. కొన్ని నీళ్లు గడ్డం మీదినుంచి కారాయి. ఆయన గొంతులో ముడి పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉండిపోయాను. ఒక్కో గుటకకీ ఆపమని లోపల్లోపల వేడుకుంటున్నాను. ఆయన ఆపలేదు. చెంబు బోర్లించి ఖాళీ అని చూపించి, కర్ర ముందుకు చాచాడు.

రైతు కర్ర అందుకోలేదు. "పొద్దుగూకేదాకా చూద్దామండి" అన్నాడు ప్రెసిడెంటు గారితో. ఆయన తలూపాడు.

అలా తాత కట్ట మీద సర్కారు తుమ్మ నీడన కూర్చున్నాడు. ఊరు ఊరంతా కాస్త దూరంలో కూర్చుని ఆయన్నే చూసింది. ఎవరూ పనికి పోలేదు. ఊళ్లో ఉండే ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి కనురెప్ప ఎత్తి చూశాడు, చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. "చెమట పడుతోంది" అన్నాడు అనుమానంగా.

"నీకు పట్టట్లేదా ఈ ఎండకి?" అన్నాడు తాత.

ఎండ ఎక్కేకొద్దీ మిరప కల్లాలమీదినుంచి ఘాటు లేచింది. తాతకి దగ్గొచ్చింది. ఆ దగ్గుకి కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. నాన్న పరుగెత్తాడు. తాత చెయ్యెత్తి, దగ్గుతూనే, "మిరపకాయలయ్యా, మిరపకాయలు" అన్నాడు. అప్పుడు ఆ ఘాటుకే ఊరంతా వరసగా తుమ్మింది. కొందరికి నవ్వొచ్చింది గాని ఎవరూ బయటికి నవ్వలేదు.

నాయనమ్మ అన్నం తెచ్చింది. తాత వద్దన్నాడు. "కడుపులో తేడా చేసి కక్కుకున్నాననుకో, నీళ్ల మీద పడుద్ది నింద" అన్నాడు. ఆమె కంచం మూతపెట్టి ఆయనకు వీపు తిప్పి కూర్చుంది. "ఊళ్లో ఇన్ని కొంపలుంటే ఈయన వంతులోనే చావాలా ఆ చేపలు" అని గొణుగుతూనే ఉంది. ఆ గొణుగుడు ఆగితే నాకు భయం వేసేది.

మధ్యాహ్నం దాటాక తాత కండువా తలకింద పెట్టుకుని ఒరిగాడు. కళ్లు మూసుకున్నాడు. గొణుగుడు ఆగింది. నాయనమ్మ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ అటు తిరిగిపోయింది. దగ్గరికి వెళ్లడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. నాన్న అయితే తల మోకాళ్లలో పెట్టుకుని చూడనే లేదు. తాత ఛాతీ కదులుతోందో లేదో దూరంనుంచి తెలియడం లేదు.

నేను పాకుతున్నట్టు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. నా పరికిణీ అంచుకు అంటుకున్న దూదిపింజ ఒకటి తీశాను. వేళ్ల మధ్య పట్టుకుని ఆయన ముక్కు దగ్గర పెట్టాను. నా చెయ్యే వణుకుతుంటే పింజ కదిలినా నమ్మలేను కాబట్టి, మోచెయ్యి నేలకు ఆనించి బిగబట్టుకున్నాను. పింజ కదల్లేదు. ఇంకా కదల్లేదు. ఉన్నట్టుండి గాలి వచ్చినట్టు అది నా వేళ్లలోంచి ఎగిరి, ఆయన మీసం మీదుగా, ఎండలోకి పోయింది. నేను అక్కడే బోర్లా పడి ఏడ్చాను. తాత కళ్లు తెరవలేదు.

పొద్దు వాలింది. రైతు లేచి తాత దగ్గరికి నడిచాడు. తాత లేచి కూర్చుని కర్ర అందుకున్నాడు. రైతు మళ్లీ నింపిన ఉప్పు నీళ్ల తొట్టిలో కాళ్లు కడుక్కున్నాడు, మెట్లు దిగాడు, చెంబు ముంచి తానూ తాగాడు. రూలు ప్రకారం ఎక్కేవాడు తాగనక్కర్లేదు.

"కర్ర ఇటివ్వు మావా" అన్నాడు.

బిందె బోర్లించిన ముసలావిడే మొదట మెట్లు దిగింది.

ఆ సాయంత్రం నాయనమ్మ ఎవర్నీ అడక్కుండా అటక మీది జాడీ దించింది. మిరపకాయ పచ్చడి వేసి, నెయ్యి వేసి, అందరికీ ముద్దలు కలిపి పెట్టింది. తాత, నాన్న, అమ్మ, నేను, అందరం కళ్లవెంట నీళ్లు కారుస్తూ తిన్నాం. కారానికే అన్నట్టు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ పూట మంచినీళ్ల కుండ దగ్గర నాయనమ్మ కాపలా లేదు.

తర్వాత ఎప్పటికో కాలువ వదిలారు. చెరువు నిండింది. తాత ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, నిండు వయసులో పోయాడు. ఇప్పుడు ఊళ్లో ఫిల్టరు నీళ్ల ప్లాంటు ఉంది. చెరువులో తుమ్మలు మొలిచాయి. ముళ్లకంప నాటక్కర్లేదు, అదే కంపయిపోయింది.

ఆ చేపలు ఎందుకు చచ్చాయో నేను గ్రంథాలయంలో, పెళ్లయి పిల్లలు పుట్టాక చదివాను. చేపలు కూడా గాలి పీల్చుకుంటాయట, నీళ్లలో కరిగిన గాలిని. నీళ్లు తగ్గి, ఇరుకై, ఉక్క పోసిన రాత్రి గడిచేసరికి ఆ గాలి అయిపోతుంది. తెల్లవారేసరికి చేపలు పైకి తేలతాయి. ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివాను. తాత కడిగిన చెంబు కాదు, నాన్న డబ్బా కాదు. నీళ్లు తగ్గిపోవడమే. పుస్తకం మూసి, ఈ సంగతి చెప్పాలని లేచాను. తాత అప్పటికి లేడు. ఊరికి వెళ్లినప్పుడు నాన్నకి చెప్పాను. ఎంతో గర్వంగా చెప్పాను.

నాన్న అంతా విన్నాడు. "మరి ఆయన తాగేటప్పుడు ఆ సంగతి తెలీదుగా" అన్నాడు.

ట్యాంకరు నీళ్లు కుళాయిలోకి వచ్చాక, నేను ఒక గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. తాగడానికి ఇంట్లో వేరే నీళ్లున్నాయి. కానీ పిల్లలు పళ్లు తోముకునేది, నోరు కడుక్కునేది ఈ నీళ్లతోనే. "ఏంటమ్మమ్మా, ఆ నీళ్లు తాగుతున్నావు?" అంది మా మనవరాలు. గ్లాసు ఖాళీ చేసి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇదంతా చెప్పాను. కుళాయి తిప్పి వదిలేసి ఫోను చూసుకునే పిల్ల. నీళ్ల విలువ తెలుస్తుందనే చెప్పాను. అది ప్రశ్నలేమీ వేయకుండా విని, తన పనికి తాను పోయింది. ఆ పూట మాత్రం కుళాయి కట్టేసి పళ్లు తోముకుంది. సంతోషించాను.

మధ్యాహ్నం మంచం మీద నడుం వాల్చాను. కునుకు పట్టిందో లేదో, ముక్కు దగ్గర ఏదో ఉన్నట్టనిపించింది. రెప్పల సందులోంచి చూశాను. మందుల డబ్బాలోంచి తీసిన దూది ముక్క. దాన్ని పట్టుకున్న చిన్న చెయ్యి. కదలకుండా మంచం అంచుకు ఆనించుకున్న మోచెయ్యి. ఆ పిల్ల తన ఊపిరి కూడా బిగబట్టింది.

ఆనాడు నా చేతిలోంచి పింజ ఎందుకంత గట్టిగా ఎగిరిపోయిందో, తాత కళ్లెందుకు తెరవలేదో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నేను కళ్లు తెరవలేదు. దూది ఎగిరేలా గట్టిగా ఊపిరి వదిలాను.